2024 రౌండప్ పేజీల్లో జారిపోయిన వాళ్ల గురించి: తెలుగు పత్రికల, చానళ్ల సంపాదకులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన సంపాదకులకు, ఏడాది చివర రౌండప్ పేజీలు, ప్రోగ్రాములు తయారుచేసే డెస్క్ మిత్రులకు నమస్కారం.

ఖమ్మం జిల్లాలో ఒక మండల కేంద్రంలోని శాఖా గ్రంథాలయానికి రోజూ వచ్చే పాఠకుల తరఫున రాస్తున్నాను. మీ విలేకరులు ఎండనకా వాననకా తిరిగి వార్తలు తెస్తారని మాకు తెలుసు, వాళ్ల మీద మాకు ఏ కోపమూ లేదు. ఇక అసలు విషయం.

డిసెంబర్ చివరి వారంలో ఒక పత్రిక 2024 మీద ప్రత్యేక పేజీ వేసింది. అందులో 'మనల్ని వీడిన వారు' అని కింద ఒక వరుస, పాస్‌పోర్ట్ సైజు ఫోటోలు. పస్తం మొగిలయ్య గారి పేరు మీద దర్శనం మొగిలయ్య గారి ఫోటో పడింది. వరంగల్ జిల్లా దుగ్గొండి నుంచి వచ్చిన బుర్రకథ కళాకారుడు పస్తం మొగిలయ్య గారు. 'బలగం' సినిమా చివర్లో భార్యతో కలిసి పాడి ఊళ్లకు ఊళ్లను ఏడిపించిన మనిషి, కిడ్నీ జబ్బుతో బాధపడి డిసెంబర్ 19న చనిపోయారు. దర్శనం మొగిలయ్య గారు నాగర్‌కర్నూల్ జిల్లా వాసి, పన్నెండు మెట్ల కిన్నెర వాయిస్తారు, 2022లో పద్మశ్రీ వచ్చింది, నిక్షేపంగా బతికున్నారు. ఫోటోలో చేతిలో కిన్నెర స్పష్టంగా కనపడుతోంది, కింద మాత్రం 'బుర్రకథ కళాకారుడు' అని అచ్చయింది. పేజీ పెట్టినవాళ్లు ఒక్కసారి ఆ ఫోటో వైపు చూసి ఉంటే సరిపోయేది.

ఫోన్ చేశాం. 'సవరణ వేస్తాం' అన్నారు. వేయలేదు. మెయిల్ పెట్టాం, జవాబు లేదు. మళ్లీ ఫోన్ చేస్తే ఆ పేజీ చూసిన సబ్ ఎడిటర్ సెలవులో ఉన్నారన్నారు. ఈ-పేపర్‌లో ఇప్పటికీ అదే ఫోటో ఉంది. ఇది ఒక్క పత్రిక సంగతే అయితే ఇక్కడితో ఊరుకునేవాళ్లం. గ్రంథాలయం బల్ల మీద అన్ని పేపర్ల ప్రత్యేక పేజీలూ పరిచి, సెల్‌లో రెండు మూడు చానళ్ల రౌండప్‌లు కూడా చూశాక, జబ్బు అందరికీ ఒకటేనని అర్థమై ఈ ఉత్తరం రాస్తున్నాం.

పేపర్ తిరగేసి పక్కన పడేసేవాళ్లకు ఇదంతా చిన్న విషయం. మా దగ్గర కాదు. 2024లో మా పిల్లలకు ఊపిరి తిప్పుకునే తీరిక దొరకలేదు. జులై, ఆగస్టుల్లో డీఎస్సీ, నవంబర్‌లో గ్రూప్-3, వాయిదాల మీద వాయిదాలు పడి చివరికి డిసెంబర్ 15, 16 తేదీల్లో జరిగిన గ్రూప్-2. వీళ్లలో పగలు కూలికి పోయి సాయంత్రం వచ్చేవాళ్లున్నారు, చంటిబిడ్డను అత్తగారి దగ్గర వదిలి వచ్చే ఆడపిల్లలున్నారు. కోచింగ్ సెంటర్ ఫీజు కాదు గదా, ఇయర్ బుక్ కొనడమే కష్టం. మీ రౌండప్ పేజీ జెరాక్స్ తీసి, ముక్కలు కత్తిరించి, నోట్సులో అంటించుకుంటారు. మీరు రాసిందే వాళ్లకు 2024. మీరు వదిలేసింది జరగనట్టే. తప్పు ఫోటో సంగతి మేం గమనించేసరికే అది ఎన్ని నోట్సుల్లోకి ఎక్కిందో.

ఎన్నికల విషయంలో మీ మీద ఫిర్యాదు లేదు. మే 13 పోలింగ్, జూన్ 4 ఫలితాలు, ఆంధ్రప్రదేశ్‌లో 175కి 164 సీట్లు కూటమికి, జూన్ 12న కేసరపల్లిలో ప్రమాణ స్వీకారం, అన్నీ పొల్లుపోకుండా ఇచ్చారు. ఎవరు ఏ రంగు చొక్కా వేసుకున్నారో కూడా ఇచ్చారు. మిగతా ఏడాది సంగతే మా గోడు.

1. డిసెంబర్ 4 ఒక్క రోజు తీసుకోండి. పొద్దున 7 గంటల 27 నిమిషాలకు ములుగు జిల్లా మేడారం ప్రాంతంలో భూమి కంపించింది, తీవ్రత 5.3. మా వైపు వంటిళ్లలో అల్మారా గిన్నెలు కదిలి చప్పుడు చేశాయి, హైదరాబాద్, విజయవాడల్లో అపార్ట్‌మెంట్ల వాళ్లు మెట్ల మీదుగా కిందికి పరుగెత్తారు. 1969లో భద్రాచలం దగ్గర వచ్చిన 5.7 భూకంపాన్ని చెప్పే పెద్దవాళ్లు మా దగ్గర ఇంకా ఉన్నారు, ఆ రోజంతా అరుగుల మీద అదే ముచ్చట. అదే రోజు రాత్రి హైదరాబాద్ ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లోని సంధ్య థియేటర్ దగ్గర, ఒక పెద్ద సినిమా ప్రీమియర్ షోకి వచ్చిన కుటుంబం తొక్కిసలాటలో పడింది. తల్లి చనిపోయింది, కొడుకు చావుబతుకుల మధ్య ఆస్పత్రి పాలయ్యాడు. మేం చూసిన రౌండప్‌లలో ఆ సినిమా కలెక్షన్లు ఉన్నాయి, అరెస్టు ఉంది, బెయిలు ఉంది, హీరో ఇంటి ముందు కెమెరాల సందడి ఉంది. గుంపును అదుపు చేయాల్సిన బాధ్యత ఎవరిది, ప్రీమియర్‌కి ఎంతమందిని లోపలికి పంపొచ్చు, గేట్లు ఎటు తెరుచుకోవాలి, ఈ ప్రశ్నలకు ఒక్క వాక్యం చోటు లేదు. భూకంపమైతే సగం పేజీల్లో అసలే లేదు. మా పాత పెంకుటిళ్లు, పగుళ్లు పోయిన స్కూలు గోడలు అలాంటిది ఇంకోటి వస్తే ఆగుతాయా అని మీరడగకపోతే అధికారులకు ఎవరు గుర్తుచేస్తారు?

2. ఆ ములుగు జిల్లానే ఏడాది పొడవునా చూడండి. ఫిబ్రవరి 21 నుంచి 24 దాకా మేడారం జాతర, దేశం నలుమూలల నుంచి జనం. ఆగస్టు 31న తాడ్వాయి, మేడారం అడవిలో సుడిగాలి లాంటిది వీచి దాదాపు 500 ఎకరాల్లో 50 వేలకు పైగా చెట్లు నేలకూలాయి. అంత అడవి ఒక్క ఊపున పడిపోవడం అక్కడి పెద్దవాళ్లు కూడా ఎరగరు. డిసెంబర్ 1న చల్పాక దగ్గర ఎన్‌కౌంటర్, ఏడుగురు చనిపోయారు. మూడు రోజులకు భూకంపం. జాతర ఫోటో అందరూ వేశారు, సంతోషం. కానీ పడిపోయిన చెట్ల మీద, ఇప్పపూలు, తునికాకు ఏరుకుని బతికే కోయ కుటుంబాల మీద ఏడాది చివర ఒక్క పేరా ఎవరూ రాయలేదు. రాష్ట్రంలో ఒక మూల జిల్లా కాబట్టి మీ డెస్కులకు అది కనపడదు. మాకు దగ్గరి జిల్లానే.

3. వరద. ఇది మా సొంత బాధ కాబట్టి కాస్త ఎక్కువ రాస్తాను, ఓపిక పట్టండి. ఆగస్టు 31, సెప్టెంబర్ 1 తేదీల్లో కురిసిన వానకు ఖమ్మంలో మున్నేరు ఇళ్ల మీదికి వచ్చింది, విజయవాడలో బుడమేరు కట్టలు తెగాయి, ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల నీరొచ్చింది. 2009లో వచ్చిన 11 లక్షల చిల్లర రికార్డు కూడా దాటిపోయింది. మీ పేజీల్లో ఇదంతా ఒక హెలికాప్టర్ ఫోటో, కింద మృతుల సంఖ్య. అంతే. విజయవాడలో సింగ్ నగర్, వాంబే కాలనీ, పాయకాపురం వైపు నీళ్లు రోజుల తరబడి కదల్లేదు. బుడమేరు గండ్లు మూడూ పూడ్చడానికి సైన్యం దిగాల్సి వచ్చింది, సెప్టెంబర్ 7కి గానీ పని పూర్తికాలేదు. ఆ తర్వాతే అసలు కష్టం మొదలైంది. వాషింగ్ మెషిన్, ఫ్రిజ్, మంచం, పిల్లల సర్టిఫికెట్లు, కుట్టు మిషన్, ఆటో ఇంజన్, అన్నీ బురద పట్టి పోయాయి. కింది అంతస్తు ఇంటికి 25 వేలు ఇస్తామన్నారు. చాలామందికి అందింది కూడా, ఆ మాట చెప్పాలి. కానీ లిస్టులో పేరు లేదని, బ్యాంకు ఖాతా సరిపోలేదని వార్డు సచివాలయం చుట్టూ తిరిగినవాళ్లు మా చుట్టాల్లోనే ఉన్నారు. ఒక పెద్దమ్మ అయితే తడిసిన రేషన్ కార్డును ప్లాస్టిక్ కవర్‌లో పెట్టుకుని తిరిగింది, అట్ట విడిపోయి అక్షరాలు అలుక్కుపోయాయి, 'ఇది చెల్లదు' అన్నారట.

మా వైపు ఖమ్మంలో ప్రకాష్ నగర్ వంతెన మీద చిక్కుకుపోయిన తొమ్మిది మందిని, హెలికాప్టర్ రాదని తేలాక, ఒక జేసీబీ డ్రైవర్ తెగించి వెళ్లి ఒడ్డుకు తెచ్చాడు. ఆ వారమంతా అతన్ని ఆకాశానికెత్తారు. డిసెంబర్‌లో అతను ఎవరికీ గుర్తులేడు. మరిపెడ దగ్గర ఆకేరు వాగులో కారు కొట్టుకుపోయి ఒక యువ వ్యవసాయ శాస్త్రవేత్త, ఆమె తండ్రి చనిపోయారు. మా జిల్లా తండాలో పుట్టి అంత చదువు చదివిన బిడ్డ. ఆ వంతెన దగ్గర తర్వాత ఏం చేశారు? మళ్లీ వానాకాలం ఇంకెంత దూరం? బుడమేరుకు శాశ్వతంగా ఏం చేస్తున్నారు, మున్నేరు కరకట్ట గోడ ఎక్కడిదాకా వచ్చింది, ఈ రెండు ప్రశ్నలకు జవాబున్న రౌండప్ ఒక్కటి మాకు కనపడలేదు.

4. ఫ్యాక్టరీలు. ఏప్రిల్ 3న సంగారెడ్డి జిల్లా చందాపూర్‌లో ఒక కెమికల్ ఫ్యాక్టరీలో పేలుడు. ఆగస్టు 21న అనకాపల్లి జిల్లా అచ్యుతాపురం సెజ్‌లో ఒక ఫార్మా కంపెనీలో, మధ్యాహ్నం భోజనాల వేళ పేలుడు, 17 మంది చనిపోయారు. ఆ చితి మంట ఆరకముందే పరవాడలో మరో ప్రమాదం. ఇవి మూడూ ఒకే పేజీలో పక్కపక్కన పెడితే చదివేవాడికి ఏదో అర్థమవుతుంది. మీరు మూడింటిని వేర్వేరు డబ్బాల్లో వేసి, మధ్యలో పెళ్లి ఫోటోలు పెట్టారు. మా ఊరి నుంచి ఐటీఐ, బీఎస్సీ కెమిస్ట్రీ చదివిన పిల్లలు పోయేది ఆ ఫ్యాక్టరీలకే. విచారణ ఎక్కడిదాకా వచ్చిందో, ఎవరి మీద చర్య తీసుకున్నారో ఏడాది చివర కూడా చెప్పకపోతే ఆ తల్లిదండ్రులు పిల్లల్ని ఏ ధైర్యంతో పంపాలి?

5. కళలు, పుస్తకాలు అంటే సినిమా అనే మీ లెక్క మారాలి. జనవరిలో పద్మ అవార్డులు ప్రకటించినప్పుడు వెంకయ్య నాయుడు గారికీ చిరంజీవి గారికీ పద్మవిభూషణ్ వచ్చిందని మొదటి పేజీలో వేశారు, వేయాల్సిందే. ఫిబ్రవరి 9న పి.వి. నరసింహారావు గారికి భారతరత్న ప్రకటించారు, అదీ ఘనంగానే వేశారు. అదే పద్మ జాబితాలో నారాయణపేట జిల్లా దామరగిద్ద నుంచి బుర్రవీణ వాయించే దాసరి కొండప్ప గారున్నారు. ఆ వాయిద్యం పట్టుకునేవాళ్లు ఇక వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది కూడా లేరు. జనగామ జిల్లా చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్య గారున్నారు. హరికథ చెప్పే ఉమామహేశ్వరి గారున్నారు. యాదాద్రి జిల్లా వెల్లంకిలో సొంత ఇంటినే గ్రంథాలయం చేసిన కూరెళ్ల విఠలాచార్య గారున్నారు. గ్రంథాలయంలో కూర్చుని రాస్తున్నాను కాబట్టి ఈ చివరి పేరు దగ్గర కాస్త గట్టిగానే అడుగుతాను. ఒక పల్లెటూరి ఇంట్లో లక్షల పుస్తకాలు పోగుచేసిన మాష్టారికి పద్మశ్రీ వస్తే, మీ ఏడాది పేజీలో ఆయనకు ఇంచి చోటు దొరకలేదా?

జూన్‌లో సాహిత్య అకాడమీ యువ పురస్కారం రమేశ్ కార్తీక్ నాయక్‌కి వచ్చింది. తండా జీవితం మీద రాసిన కథలకు. మా దగ్గర లంబాడా పిల్లలు సగానికి సగం, ఆ కబురు తెలిసిన రోజు ఒకమ్మాయి 'సార్, మన తండా కథలకు కూడా అవార్డులిస్తరా?' అని అడిగింది. ఇస్తారని మీరే చెప్పాలి, కానీ మీ పేజీలో ఆ ఏడాది సాహిత్యం అంటూ ఉన్నది రెండు ఆడియో ఫంక్షన్లు, ఒక ఓటీటీ లిస్టు. జూన్ 8న రామోజీరావు గారు పోయారు, డిసెంబర్ 26న మన్మోహన్ సింగ్ గారు పోయారు, వాళ్లకు నివాళులు పేజీలకు పేజీలు ఇచ్చారు, ఇవ్వాలి కూడా. దుగ్గొండి మొగిలయ్య గారికి కనీసం ఆయన ముఖమైనా దక్కాలి గదా.

6. మీ పేజీ డిసెంబర్ 20కే కట్టేస్తున్నారని మా అనుమానం. ఎందుకంటే డిసెంబర్ 28న మెల్‌బోర్న్‌లో విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి టెస్టు సెంచరీ కొట్టాడు, అదే తేదీన న్యూయార్క్‌లో కోనేరు హంపి రెండోసారి ప్రపంచ ర్యాపిడ్ చాంపియన్ అయింది. చాలా రౌండప్‌లలో ఇద్దరూ లేరు. పోనీ తేదీ దాటిందనుకుందాం. మరి సెప్టెంబర్ సంగతేంటి? వరంగల్ జిల్లా కల్లెడలో కూలి చేసుకునే ఇంట్లో పుట్టిన జీవంజి దీప్తి, మేలో కోబెలో 400 మీటర్ల టీ20 విభాగంలో 55.07 సెకన్లతో ప్రపంచ రికార్డు పెట్టింది, సెప్టెంబర్ 3న పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. బుద్ధిమాంద్యం ఉన్న విభాగంలో పారాలింపిక్ పతకం తెచ్చిన తొలి భారతీయురాలు. చిన్నప్పుడు ఊళ్లో ఆ పిల్లను ఏమేం మాటలన్నారో మీ పేపర్లే సెప్టెంబర్‌లో రాశాయి. మొన్న జనవరి 2న అర్జున అవార్డు కూడా ప్రకటించారు. క్రీడల రౌండప్ అంతా టీ20 ప్రపంచకప్, ఐపీఎల్ వేలం. బుడాపెస్ట్ చెస్ ఒలింపియాడ్ బంగారు జట్లలో మన అర్జున్ ఎరిగైసి, హరికృష్ణ, ద్రోణవల్లి హారిక ఉన్నారని, అర్జున్ డిసెంబర్‌లో 2800 రేటింగ్ దాటాడని, ఆనంద్ తర్వాత ఆ గీత దాటిన భారతీయుడు అతనొక్కడేనని పిల్లలు నన్నడిగి రాసుకోవాల్సి వచ్చింది.

ఇక మేం అడుగుతున్నవి. పెద్ద కోరికలేం కాదు.

మొదట ఆ ఫోటో. తప్పు ఏ సైజులో పడిందో సవరణ అదే సైజులో, అదే పేజీలో వేయండి. క్లాసిఫైడ్స్ పక్కన చీమ తలకాయంత అక్షరాలతో కాదు. ఈ-పేపర్‌లోనూ మార్చండి. బతికున్న కళాకారుడికి, పోయిన కళాకారుడి కుటుంబానికి రెండు వాక్యాల క్షమాపణ చెప్పండి.

రౌండప్ పేజీ జనవరి మొదటి వారంలో వేయండి, డిసెంబర్ 31 దాటాక. పదకొండున్నర నెలలకే ఏడాదిని ముగించేయాల్సిన అవసరం ఏముందో మాకు తెలియదు. ముందు ఎవరు వేస్తే వాళ్లదే గొప్ప అనే పోటీ మీ మధ్య ఉండొచ్చు, పాఠకుడికి ఆ పోటీతో పని లేదు.

ప్రతి ప్రమాదం, వరద, తొక్కిసలాట పక్కన 'ఇప్పుడెక్కడుంది' అని నాలుగు లైన్లు పెట్టండి. విచారణ రిపోర్టు వచ్చిందా, పరిహారం ఎంతమందికి అందింది, ఎంతమందికి రాలేదు, ఎవరి మీద కేసు, కోర్టులో ఏ దశ. మీ జిల్లా విలేకరికి ఒక పూట పని. ఆ నాలుగు లైన్ల కోసం అధికారి ఫైలు తెరవాల్సి వస్తుంది, ఫైలు తెరిస్తే ఒక్కోసారి పని కూడా అవుతుంది.

ప్రతి జిల్లా ఎడిషన్‌కి ఆ జిల్లా రౌండప్ విడిగా ఇవ్వండి. హైదరాబాద్‌లో పేజీ తయారుచేసి 33 జిల్లాలకూ అదే పంపితే ములుగు సంగతి ములుగు వాళ్లకే మిగలదు. మండల కంట్రిబ్యూటర్ల నుంచి తలా ఒక అంశం అడిగి తీసుకోండి, అందుకు వాళ్లకు డబ్బు ఇవ్వండి. లైన్ అకౌంట్ మీద, అంటే అచ్చయిన లైన్ల లెక్కన వచ్చే డబ్బు మీద బతికేవాళ్లతో ఉచితంగా రాయించుకోవద్దు.

పుస్తకాలకు, జానపద కళలకు, సినిమా కాని సంగీతానికి కలిపి కనీసం సినిమాకిచ్చిన చోటులో సగం. చానళ్ల వాళ్లు కూడా గంట ప్రోగ్రాంలో పది నిమిషాలు ఇవ్వగలరు, యాంకర్లు ఒకరి మీద ఒకరు జోకులేసుకునే టైం తీసేస్తే చాలు.

చివరిగా, తేదీలు రాయండి. 'ఇటీవల', 'ఈ మధ్యే', 'కొద్ది నెలల క్రితం' అని రాస్తే పరీక్ష రాసే పిల్లకు ఉపయోగం లేదు. రోజు, నెల, ఊరు, జిల్లా. ఆ పేజీలను ఒక చోట పెట్టి ఎవరైనా ఉచితంగా దించుకునేలా ఉంచండి.

వీటిలో ఏది చేస్తారో, ఏది చేయలేరో ఉగాది లోపు మీ పేపర్‌లోనే చెప్పండి. చేయలేనిదాన్ని చేయలేమని రాసినా పర్వాలేదు, ఎందుకో కూడా రాయండి. అప్పటికీ ఉలుకూ పలుకూ లేకపోతే మా గ్రంథాలయంలో ఉన్న పత్రికల రౌండప్‌లన్నిటినీ ఒక్కొక్కటిగా సరిచూసి, ఎవరు ఏది తప్పు రాశారో, ఏది వదిలేశారో పట్టిక తయారుచేసి ప్రెస్ కౌన్సిల్‌కి పంపుతాం. చుట్టుపక్కల మండలాల గ్రంథాలయాల పాఠకులు కూడా సంతకాలు పెడతామన్నారు.

ఇట్లు
శాఖా గ్రంథాలయ పాఠకుల తరఫున ఒక పాఠకుడు,
ఖమ్మం జిల్లా
జనవరి 2025